ఎస్19 హ్యాష్‌బోర్డులో "0 ఏసిక్": వేడి పెట్టే ముందు ఏమేం కొలవాలి?

డల్లాస్ గ్యారేజ్:
అందరికీ నమస్కారం. వాడేసిన యాంట్‌మైనర్ ఎస్19 (బిట్‌కాయిన్ మైనింగ్ మెషీన్) ఒకటి కొన్నాను, 95 టెరాహ్యాష్‌ది (సెకనుకి 95 లక్షల కోట్ల లెక్కలు), గ్యారేజీలో 240 వోల్ట్ లైన్ మీద నడుస్తోంది. లెక్కలు చేసే మూడు హ్యాష్‌బోర్డుల్లో రెండు బాగానే ఉన్నాయి, మూడోది మాత్రం పోయిన వారం నుంచి లేవట్లేదు. కెర్నల్ లాగ్‌లో (మెషీన్ రాసుకునే రికార్డు) ఆ చైన్, అంటే ఆ బోర్డు, దగ్గర 0 ఏసిక్ (లెక్కలు చేసే చిప్ ఒక్కటీ దొరకలేదు) అని వరసగా చూపించి, తర్వాత ఆ చైన్‌కి పవర్ ఆపేస్తోంది. మెషీన్ ఇప్పుడు 63 దగ్గర ఆడుతోంది. ఇక్కడ ఒక రిపేర్ షాపుకి ఫోన్ చేస్తే బోర్డు చూడకుండానే "ముందు రీఫ్లో (వేడి పెట్టి టంకం మళ్లీ కరిగించడం) చేస్తాం, కుదరకపోతే చిప్‌లు మారుస్తాం, చిప్‌కి ఇంత" అని లెక్క చెప్పేశారు. నేను చదివింది ఈసీఈనే కానీ కాలేజీ ల్యాబ్ తర్వాత మీటర్ పట్టింది లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి ప్లీజ్.

కోఠి చిప్‌లెవెల్:
భయ్యా, ఆ షాపుకి మాత్రం ఇవ్వకు. బోర్డు కళ్లతో చూడకుండా రీఫ్లో అన్నారంటే వాళ్లకి మీటర్ అక్కర్లేదన్నమాట. నేను హైదరాబాద్‌లో మొబైల్, ల్యాప్‌టాప్ బోర్డులు చేస్తాను, 2021లో ఈ మైనర్ బోర్డులు కూడా బాగానే వచ్చేవి, వచ్చిన వాటిలో సగం ఎవరో ఒకరు ముందే హాట్ ఎయిర్ గన్ పెట్టి కాల్చేసినవే.

ముందు తప్పు బోర్డుదా, స్లాటుదా, రిబ్బన్ కేబుల్‌దా తేల్చు. చెడ్డ బోర్డుని మంచి స్లాట్‌లో పెట్టి చూడు. కానీ విప్పే వరస జాగ్రత్త: గోడ దగ్గర పవర్ తీసెయ్, కాసేపు ఆగు, తర్వాత ముందుగా సిగ్నల్ కేబుల్, ఆ తర్వాత పాజిటివ్ రాగి పట్టీ, చివర్లో నెగటివ్. బిగించేటప్పుడు దీనికి తలకిందులు: నెగటివ్ ముందు, పాజిటివ్ తర్వాత, సిగ్నల్ కేబుల్ అన్నిటికంటే ఆఖరు. ఈ వరస తప్పితే గ్రౌండ్ లేకుండా కరెంటు సిగ్నల్ వైర్ల గుండా దారి వెతుక్కుంటుంది, యూ1, యూ2 అనే లెవెల్ మార్చే చిన్న ఐసీలు పోతాయి. అవి పోయినా నీకు కనపడేది ఇదే, చిప్‌లు దొరకవు.

డల్లాస్ గ్యారేజ్:
మీరు చెప్పిన వరసలోనే మార్చి చూశాను అన్నా. తప్పు బోర్డుతోపాటే వెళ్తోంది, స్లాట్, కేబుల్ రెండూ బాగున్నాయి. ఇంకోటి, బోర్డు మధ్య భాగంలో నాలుగైదు చిప్‌ల చుట్టూ పసుపు రంగులో జిగురులాంటిది అంటుకుని ఉంది, కొన్నిచోట్ల గోధుమ రంగుకి తిరిగింది. మిగతా రెండు బోర్డుల్లో అది లేదు. ఇది ఏంటి?

కోఠి చిప్‌లెవెల్:
ఫ్లక్స్, టంకం బాగా పట్టడానికి వేసేది. చెప్పా కదా, నీకంటే ముందు ఎవరో గన్ పెట్టారు. తుడవలేదు కూడా. నీకు అమ్మినవాడికి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

లెక్కల మాస్టారు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఎస్19 తాగేది 3250 వాట్లు, అంటే రోజుకి 78 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకున్నా రోజుకి 624 రూపాయలు. 2024 ఏప్రిల్ హాల్వింగ్ (మైనర్లకి వచ్చే బహుమతి సగానికి తగ్గడం) తర్వాత బ్లాకుకి వచ్చేదే 3.125 బిట్‌కాయిన్లు, దాన్ని ప్రపంచమంతా పంచుకోవాలి. ఎస్21 లాంటి కొత్తవి టెరాహ్యాష్‌కి 17.5 జూల్స్‌తో పని కానిస్తుంటే ఎస్19 దాదాపు 34 తింటోంది. చచ్చిన బోర్డు మీద ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కావట్లేదు, తూకానికి అమ్మేస్తే పోలేదా?

డల్లాస్ గ్యారేజ్:
మాస్టారూ, మీ లెక్క ఇండియాలో నూటికి నూరు పాళ్లూ నిజం. ఇక్కడ నా ప్లాన్‌లో రాత్రిళ్లు కరెంటు చాలా చవక, మెషీన్ ఆ టైమ్‌లోనే నడుపుతా. చలికాలం ఆ వేడి గ్యారేజీకి పనికొస్తుంది. ఇంకో మాట, రెండు బోర్డులకీ అవే ఫ్యాన్లు, అదే పవర్ సప్లై తిరుగుతున్నాయి కదా, మూడోది లేస్తే ఆ ఖర్చే పంచుకుంటుంది. డబ్బు సంగతి పక్కన పెడితే నాకు ఇది నేర్చుకోవాలని కూడా ఉంది.

కోఠి చిప్‌లెవెల్:
మాస్టారు గారి లెక్క తప్పనను. కానీ చాలాసార్లు పోయేది ఒక చిన్న ఐసీయో, రెసిస్టరో అయి ఉంటుంది. దానికి బోర్డు మొత్తం తూకానికి వేస్తారా? ముందు కొలవనీయండి, తర్వాత కూడా అమ్ముకోవచ్చు.

వీఎల్ఎస్ఐ అక్క:
బెంగళూరు నుంచి. చిప్ డిజైన్‌లో ఉంటాను, రిపేర్లు చేయను, కానీ ఈ బోర్డు కట్టిన తీరు తెలిస్తే కొలతలు అర్థమవుతాయి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ఎస్19 బోర్డు మీద బీఎం1398 చిప్‌లు 76 ఉంటాయి. అవి రెండేసి చొప్పున 38 గుంపులు, వాటిని డొమైన్లు అంటారు. ఒక డొమైన్‌లో ఉన్న రెండు చిప్‌లు ప్యారలల్‌లో ఉంటాయి, డొమైన్లన్నీ ఒకదాని మీద ఒకటి సిరీస్‌లో ఉంటాయి, పెళ్లి పందిట్లో సీరియల్ లైట్ల తోరణం లాగా. పవర్ సప్లై నుంచి వచ్చేది 14 వోల్ట్‌కి అటూ ఇటూ, దాన్ని 38 డొమైన్లు పంచుకుంటే ఒక్కోదానికి వచ్చేది 0.36 వోల్ట్. ఇలా ఎందుకు కట్టారంటే, అంత చిన్న వోల్టేజీని నేరుగా తయారు చేసి ఇవ్వాలంటే ఒక్క బోర్డుకే వేల ఆంపియర్లు పంపాలి, అది కుదిరే పని కాదు. సిరీస్‌లో పెడితే 70, 80 ఆంపియర్లతో సరిపోతుంది.

దీనివల్ల వచ్చే చిక్కు ఏంటంటే ప్రతి డొమైన్‌కీ తన గ్రౌండ్ తనదే. ఒకటో డొమైన్ గ్రౌండ్ బోర్డు గ్రౌండే. రెండోదాని గ్రౌండ్ 0.36 దగ్గర, మూడోదానిది 0.72 దగ్గర, ఇలా పైకి వెళ్లి 38వ దాని గ్రౌండ్ 13.3 దగ్గర ఉంటుంది. చిప్‌ల సిగ్నల్ భాగానికి 1.8 వోల్ట్ కావాలి, అది కూడా ఆ డొమైన్ గ్రౌండ్ మీద నుంచి లెక్క. ఇప్పుడు 34వ డొమైన్ తీసుకోండి, దాని గ్రౌండ్ 11.9, దాని మీద 1.8 అంటే 13.7. చేతిలో ఉన్నదే 14, మధ్యలో ఎల్‌డీఓకి (వోల్టేజీ తగ్గించి నిలకడగా ఇచ్చే చిన్న ఐసీ) కాస్త మిగులు ఉండాలి, కాబట్టి చాలదు. అందుకే 34 నుంచి 38 దాకా ఉన్న ఆఖరి ఐదు డొమైన్ల కోసం 14ని 19 దాకా లేపే చిన్న బూస్ట్ సర్క్యూట్ విడిగా పెట్టారు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

బెజవాడ ఈసీఈ:
అక్కా, అంటే నేను మీటర్ నల్ల ప్రోబ్‌ని బోర్డు గ్రౌండ్ మీదే పెట్టి పైడొమైన్లలో 1.8 కోసం వెతికితే 12, 13 అని చూపిస్తుందా? నా దగ్గర ఎస్9 (ఎస్19 కంటే పాత మోడల్) బోర్డు ఒకటి ఉంది, సీనియర్ ఇచ్చాడు, దానిలో ఇలాగే ఏవేవో నంబర్లు వస్తుంటే బోర్డే పోయిందనుకున్నా!!

వీఎల్ఎస్ఐ అక్క:
అవును తమ్ముడూ, సరిగ్గా అదే. నల్ల ప్రోబ్ ఆ డొమైన్ గ్రౌండ్ మీద ఉండాలి. ఎస్9లో కూడా ఇదే పద్ధతి, 63 చిప్‌లు, మూడేసి చొప్పున 21 డొమైన్లు, చిప్ బీఎం1387.

కోఠి చిప్‌లెవెల్:
అక్క గారు చెప్పాక నా పని తేలికైంది. డల్లాస్ భయ్యా, పవర్ లేకుండా చేసే పని ముందు చెప్తా. మీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి, చెడ్డ బోర్డులో ఒక్కో డొమైన్ మీద పెట్టి అంకె రాసుకో, అదే పని మంచి బోర్డు మీద కూడా చెయ్. ఇంత ఉండాలి అని నెట్‌లో దొరికే అంకెల్ని పట్టుకోకు, నీ మీటర్ వేరు, నీ బోర్డు రివిజన్ వేరు. నీకు పక్కనే రెండు మంచి బోర్డులు ఉన్నాయి, అంతకంటే మంచి కొలబద్ద లేదు. ఎక్కడైనా ఒక డొమైన్ మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే అందులో చిప్ షార్ట్. సున్నా అయితే మరీ మంచిది, వెతికే పనే లేదు.

పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకు. అందులో కెపాసిటర్లు ప్లగ్ తీసిన తర్వాత కూడా నాలుగొందల వోల్ట్‌ల దాకా పట్టుకుని ఉంటాయి.

డల్లాస్ గ్యారేజ్:
38 డొమైన్లూ కొలిచాను, రెండు బోర్డుల మీదా. తేడా ఏమీ లేదు. షార్ట్ ఎక్కడా లేదు. మంచి వార్తా చెడ్డ వార్తా?

కోఠి చిప్‌లెవెల్:
మంచి వార్తే. ఏ చిప్పూ షార్ట్ కాలేదు. ఇక పవర్ ఇచ్చి చూడాలి. 14, తర్వాత బూస్ట్ 19, తర్వాత ప్రతి డొమైన్‌లో 1.8, 0.8, అవన్నీ ఉంటే క్లాక్, రీసెట్, టీఎక్స్ (చిప్‌లకి వెళ్లే ఆదేశాల లైన్), ఆర్ఎక్స్ (చిప్‌ల నుంచి వచ్చే జవాబుల లైన్). ఈ వరస దాటి ముందుకెళ్లకు, 1.8 లేనిచోట ఆర్ఎక్స్ వెతికితే రోజంతా వెతుకుతావ్. చిక్కేంటంటే మెషీన్‌లో పెట్టి ఇది చేయలేవు, చోటు లేదు, కంట్రోల్ బోర్డు కూడా కాసేపటికి పవర్ కట్ చేసేస్తుంది. టెస్ట్ ఫిక్స్చర్ కావాలి, అంటే బోర్డుని బయట పెట్టి పరీక్షించే పరికరం.

హ్యూస్టన్ రిగ్:
నా దగ్గర 19 సిరీస్ ఫిక్స్చర్ ఉంది. ఇక్కడ ఒక మైనింగ్ సైట్‌లో మెయింటెనెన్స్ చేసేవాడిని, బయటికొచ్చాక వీకెండ్లలో సొంతంగా చేస్తున్నా. డల్లాస్ నుంచి నాలుగు గంటల డ్రైవ్, శనివారం పట్టుకొచ్చేయండి బ్రో. డబ్బులు వద్దు, మా ఆవిడకి అక్కడి ఇండియన్ స్టోర్ నుంచి గోంగూర పచ్చడి తెస్తే చాలు, ఇక్కడ దొరికేది బాగుండట్లేదట.

డల్లాస్ గ్యారేజ్:
గోంగూర ఖాయం!

సాగరతీరం:
వైజాగ్ నుంచి. నేను ల్యాప్‌టాప్ రిపేర్ చేస్తా, మైనర్ బోర్డులు తక్కువే చూశా. శనివారం దాకా ఖాళీగా ఉంటారు కదా, ఆ ఫ్లక్స్ ముందు కడిగేయండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్. పాత ఫ్లక్స్ తేమ పీల్చుకుంటుంది, చిప్ కాళ్ల మధ్య కొద్దికొద్దిగా కరెంటు పారుతుంది, ఆకుపచ్చ తుప్పు పడుతుంది. మా ఊళ్లో ఉప్పుగాలికి మామూలు బోర్డులకే ఆకుపచ్చ పడుతుంటుంది. కడిగాక ఆరబెట్టండి, హడావుడిగా పవర్ ఇవ్వొద్దు, చిప్ కింద తడి ఉంటే అదో కొత్త రోగం.

బెజవాడ ఈసీఈ:
శనివారం లోపు నా డౌట్ కూడా అడగొచ్చా? నా ఎస్9 బోర్డు 0 కాదు, 41 ఏసిక్ అని చూపిస్తుంది. ఎప్పుడు పెట్టినా 41. మా కాలేజీలో ఫిక్స్చర్ ఏమీ లేదు, పాత కంట్రోల్ బోర్డు, ఏపీడబ్ల్యూ3 పవర్ సప్లై ఉన్నాయి. బయట టేబుల్ మీద పెట్టి, పెద్ద ఫ్యాన్ పెట్టి నడుపుతున్నా.

కోఠి చిప్‌లెవెల్:
తమ్ముడూ నీది సున్నా కంటే తేలిక. ప్రతిసారీ అదే అంకె వస్తుందంటే బోర్డే చెప్తోంది, 41 దాకా నేను బాగున్నా, 42 దగ్గర ఆగిపోయా అని. క్లాక్, టీఎక్స్, రీసెట్ ఈ మూడూ 1వ చిప్ నుంచి 63 వైపు వెళ్తాయి. 41వ చిప్ నుంచి బయటికొచ్చే చోట కొలువు, 42లోకి వెళ్లే చోట కొలువు. ఒకవైపు ఉండి ఇంకోవైపు లేనిది ఏదో అదే నీ తప్పు. క్లాక్ 0.9 దగ్గర, రీసెట్, టీఎక్స్ 1.8 దగ్గర ఉండాలి. 42 అంటే 14వ డొమైన్‌లో ఆఖరి చిప్, నల్ల ప్రోబ్ ఆ డొమైన్ గ్రౌండ్ మీదే.

బెజవాడ ఈసీఈ:
అన్నా మరి డల్లాస్ అన్న బోర్డులో 0 ఎందుకు వస్తుంది? 76 చిప్‌లూ ఒకేసారి పోవు కదా.

కోఠి చిప్‌లెవెల్:
మంచి ప్రశ్న. ఆర్ఎక్స్ మాత్రం ఎదురు దిక్కులో వస్తుంది, ఆఖరి చిప్ నుంచి ఒకటో చిప్ దాకా, ఒక్కో చిప్ పైనుంచి వచ్చింది అందుకుని కిందికి పంపుతుంది. ఎవరూ మాట్లాడనప్పుడు ఆ లైన్ 1.8 దగ్గర నిలబడి ఉండాలి. మధ్యలో ఒక చిప్ చచ్చి ఆ లైన్‌ని సున్నాకి లాగేసిందనుకో, కింద ఉన్న మంచి చిప్‌లు జవాబిచ్చినా కంట్రోల్ బోర్డుకి వినపడదు. అందుకే ఒక్క చిప్ తప్పుకి 76 పోయినట్టు చూపిస్తుంది. ఇక్కడే తెలియనివాళ్లు మొత్తం బోర్డు కాల్చేస్తారు.

దీనికి మందు ట్వీజర్. 38, 39 చిప్‌ల మధ్య ఆర్ఓ (చిప్ నుంచి ఆర్ఎక్స్ బయటికొచ్చే చోటు) టెస్ట్ పాయింట్ ఉంటుంది, దాన్ని పక్కనే ఉన్న అదే డొమైన్ 1.8తో షార్ట్ చేసి పట్టుకుని టెస్ట్ కొట్టు. పైనుంచి వచ్చే చెత్త తెగిపోయి లైన్ నిలబడుతుంది. లాగ్‌లో 38 వచ్చిందా, మొదటి సగం బాగుంది, తప్పు పైసగంలో. ఇంకా 0 వచ్చిందా, తప్పు కిందే. తర్వాత మిగిలిన సగంలో మళ్లీ సగం. 76 చిప్‌లకి మహా అయితే ఏడుసార్లు. ట్వీజర్ జరిపే ప్రతిసారీ పవర్ తీసెయ్. చెయ్యి జారి పక్క డొమైన్ తగిలితే రిపేర్‌కి ఇంకో చిప్ జమ.

హ్యూస్టన్ రిగ్:
శనివారం రిపోర్ట్. డల్లాస్ బ్రో వచ్చాడు, గోంగూర వచ్చింది, మా ఇంట్లో శాంతి నెలకొంది.

బోర్డు శుభ్రంగా కడిగి తెచ్చాడు. ఫిక్స్చర్‌కి పెట్టాను, 0. మెయిన్ వోల్టేజీ 14 వచ్చింది. డొమైన్లు అన్నీ 0.36 దగ్గరే, ఎక్కడా వంకర లేదు. ట్వీజర్ పట్టబోయే ముందు వరసగా 1.8లు కొలుచుకుంటూ వెళ్లా. ఒకటి నుంచి 33 దాకా అన్నీ 1.79, 1.80. ఆ తర్వాత చూడండి తమాషా:

34లో 1.5
35లో 1.1
36లో 0.8
37లో 0.4
38లో దాదాపు సున్నా

కోఠి అన్నా, అక్కా, మీరు చెప్పండి ఇదేంటో. నాకు తెలిసిపోయింది, కానీ తమ్ముడు కూడా చదువుతున్నాడు కదా.

బెజవాడ ఈసీఈ:
34 నుంచి 38 అంటే బూస్ట్ మీద నడిచే ఐదు డొమైన్లు!! బూస్ట్ పోయిందా? కానీ పోతే అన్నీ సున్నా రావాలి కదా, ఇలా మెట్లు మెట్లుగా ఎందుకు దిగుతోంది?

వీఎల్ఎస్ఐ అక్క:
మెట్టు ఎత్తు చూడు తమ్ముడూ, ఒక్కోటీ దాదాపు 0.36. అంటే ఐదు ఎల్‌డీఓలకీ పైనుంచి వస్తున్న వోల్టేజీ ఒక్కటే, 13.5 దగ్గర ఎక్కడో ఉంది. గ్రౌండ్ మాత్రం ఒక్కో డొమైన్‌కి 0.36 పైకి వెళ్తోంది, కాబట్టి మిగిలేది అంత తగ్గుతోంది. 13.5 ఎలా వచ్చిందంటే, బూస్ట్ సర్క్యూట్‌లో ఐసీ స్విచ్ చేయడం మానేసినా ఇన్‌పుట్ నుంచి కాయిల్, డయోడ్ గుండా అవుట్‌పుట్‌కి నేరుగా దారి ఉంటుంది. 14లో డయోడ్ కాస్త తినగా మిగిలిందే వస్తుంది. కాబట్టి కాయిల్ తెగలేదు, డయోడ్ బాగుంది, అవుట్‌పుట్ కెపాసిటర్ షార్ట్ కాలేదు. వేళ్లన్నీ ఐసీ వైపే చూపిస్తున్నాయి.

హ్యూస్టన్ రిగ్:
కరెక్ట్. బూస్ట్ అవుట్‌పుట్ దగ్గర 13.5, మంచి బోర్డులో అదే పాయింట్ 19. మాస్టారు గారూ, చూశారా, షాపువాళ్లు చిప్‌కి ఇంత అని లెక్క కట్టింది ఈ కాలిగోరంత ఐసీ కోసం.

లెక్కల మాస్టారు:
చూశాను. ఒప్పుకుంటున్నాను, కరెంటు బిల్లు సంగతి మాత్రం అలాగే ఉంది.

కోఠి చిప్‌లెవెల్:
డోనర్ బోర్డు (విడిభాగాల కోసం ఉంచుకున్న పాత బోర్డు) ఉంటే దాని బూస్ట్ ఐసీ తీసెయ్, ముందు దాని మీద మార్కింగ్ కలుస్తుందో లేదో చూడు. పక్కనే కొన్ని రెసిస్టర్లు ఉంటాయి, అవుట్‌పుట్ ఎంత ఉండాలో తేల్చేవి, వాటిని కూడా మంచి బోర్డుతో పోల్చు. ఐసీ మార్చి ఊరుకుంటే రెసిస్టర్ విలువ మారి ఉన్నప్పుడు 19 బదులు 25 వచ్చి ఐదు ఎల్‌డీఓలూ పోతాయి. మార్చాక సిగ్నల్ కేబుల్ పెట్టకుండా ముందు 19 కొలువు.

హ్యూస్టన్ రిగ్:
రెసిస్టర్లు సరిపోయాయి. ఐసీ మార్చాను, 19.1 వచ్చింది. ఐదు డొమైన్లలోనూ 1.8 నిలబడింది. టెస్ట్ కొట్టగానే 76. డల్లాస్ బ్రో కుర్చీలోంచి లేచి డాన్స్ ఒక్కటే తక్కువ.

కానీ కథ అయిపోలేదు. ప్యాటర్న్ టెస్ట్‌లో (ప్రతి చిప్‌కీ పని ఇచ్చి జవాబులు లెక్కపెట్టే పరీక్ష) 52వ చిప్ దగ్గర ఫెయిల్. చిప్ దొరుకుతోంది, జవాబిస్తోంది, కానీ ఇచ్చిన పనికి రావాల్సినన్ని నాన్సులు, అంటే సరైన జవాబులు, రావట్లేదు, పక్కవాటితో పోలిస్తే సగం కూడా లేవు. చూస్తే సరిగ్గా పాత ఫ్లక్స్ ఉన్న చోటే. పాత మెకానిక్ ఎవరో ఇక్కడే గన్ పెట్టాడు.

కోఠి చిప్‌లెవెల్:
అది అతను చేసిన పుణ్యమే అయి ఉంటుంది. చిప్ కింద మధ్యలో పెద్ద ప్యాడ్ ఉంటుంది, పై నుంచి మాత్రమే వేడి పెడితే కాళ్లు కరుగుతాయి, ఆ ప్యాడ్ కింద టంకం సరిగా పరుచుకోదు, ఖాళీలు మిగులుతాయి. ఈ బోర్డుల్లో రాగి మందం, వేడిని లాగేస్తుంది. కింద ప్రీహీటర్ మీద బోర్డుని వేడెక్కించకుండా పై నుంచి 400 పెట్టి నిలబడితే చిప్ కాలుతుంది గానీ టంకం కరగదు. ఆ చిప్ మార్చు. తీసి, ప్యాడ్‌లు విక్‌తో (టంకం పీల్చే రాగి అల్లిక) చదును చేసి, కొత్త చిప్‌కి స్టెన్సిల్‌తో టిన్ పెట్టి, చుక్క ఉన్న మూల చూసుకుని కూర్చోబెట్టు. కరిగినప్పుడు ట్వీజర్‌తో పక్కకి కొంచెం తోస్తే దానంతట అదే వచ్చి తన చోట కూర్చోవాలి, కూర్చుందంటే కింద టంకం పట్టినట్టే.

వీఎల్ఎస్ఐ అక్క:
డోనర్ చిప్ ఎస్19 ప్రో నుంచి తీసినా బీఎం1398నే, కానీ మార్కింగ్‌లో చివరి అక్షరాలు కూడా కలవాలి. వేరే బిన్ (నాణ్యత శ్రేణి) చిప్ పెడితే ఆ డొమైన్‌లో రెండు చిప్‌లు సమానంగా నడవవు. అసలు నన్నడిగితే దాన్ని వదిలేయొచ్చు. 76లో ఒకటి సగం పని చేస్తే పోయేది అర శాతం పైచిలుకు. దాని కోసం మొత్తం బోర్డుని మళ్లీ ప్రీహీటర్ ఎక్కించి, పక్కనున్న మంచి చిప్‌ల కింద టంకాన్ని కూడా కదిలించడం నాకైతే నచ్చదు.

కోఠి చిప్‌లెవెల్:
అక్కా, మీరు చెప్పింది ఒక పక్క నిజమే. కానీ సగం పట్టిన ప్యాడ్ వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ఏదో ఒకరోజు పూర్తిగా వదిలేస్తుంది, అప్పుడు బోర్డు మొత్తం మళ్లీ సున్నా. రాత్రిళ్లు మాత్రమే నడుపుతా అన్నాడు కదా భయ్యా, అంటే రోజూ ఒకసారి వేడి, ఒకసారి చలవ. ఆగకుండా నడిచే మెషీన్‌కంటే ఇది ఎక్కువ బాధ. ఎస్17 గుర్తుందిగా, చిప్‌లకి టంకంతో అతికించిన హీట్‌సింకులు ఊడిపడి పక్క చిప్‌లని షార్ట్ చేసేవి, వేడి చల్లదనాలకి టంకం ఎలా లొంగిపోతుందో అది చూసినవాళ్లకి బాగా తెలుసు.

హ్యూస్టన్ రిగ్:
నేను బ్రోనే అడిగాను, బోర్డు ఆయనది.

డల్లాస్ గ్యారేజ్:
నేను ప్రస్తుతానికి అక్క మాటే విన్నాను. కోఠి అన్న కోపగించుకోవద్దు. హ్యూస్టన్ బ్రో ఒకసారి 76 చూపించిన బోర్డుని పూర్తిగా చల్లారనిచ్చి రెండోసారి కూడా టెస్ట్ పెట్టాడు, ఒక్కసారి పాసైతే నమ్మకూడదట, చల్లబడ్డాక టంకం ముడుచుకున్నప్పుడే అసలు రంగు బయటపడుతుందట. రెండోసారి కూడా 76 దొరికాయి, 52 మాత్రం అలాగే ఉంది.

ఇంటికొచ్చి బ్రెయిన్స్ ఓఎస్ (మైనర్‌ని నడిపే వేరే సాఫ్ట్‌వేర్) వేశాను, పవర్ టార్గెట్ తగ్గించి ట్యూనింగ్‌కి వదిలాను. ఏ చిప్ ఎంత మోయగలదో చూసుకుని దానంతట అదే ఫ్రీక్వెన్సీ సర్దుకుంటోంది. మూడు బోర్డులూ కలిపి ఇప్పుడు 80కి అటూ ఇటూ, వాట్లు మాత్రం బాగా తగ్గాయి, ఫ్యాన్ల గోల కూడా తగ్గింది. ఫుల్ స్పీడ్ నాకు అక్కర్లేదు.

కోఠి చిప్‌లెవెల్:
కోపం ఎందుకు భయ్యా, నీ బోర్డు నీ ఇష్టం. తక్కువ పవర్ మీద నడిపితే ఆ చిప్ చాలాకాలం రావచ్చు కూడా. రాగి పట్టీల స్క్రూలు నెలకోసారి చూసుకో, పవర్ తీసేశాకే. డెబ్బై ఆంపియర్లు పారే చోట స్క్రూ కాస్త వదులైనా ఆ చోటు నల్లబడి కాలిపోతుంది, అది చిప్ తప్పు కాదు, నీ తప్పే అవుతుంది.

రఘు ట్యాక్స్:
ఇండియాలో ఉన్నవాళ్ల కోసం ఒక ముక్క. ఇక్కడ మైనింగ్ చేసి సంపాదించిన కాయిన్ అమ్మినప్పుడు 30 శాతం పన్ను. కరెంటు బిల్లు, మెషీన్, ఇలాంటి బోర్డు రిపేర్ ఖర్చులు తీసేసుకుంటాం అంటే కుదరదు, మైనింగ్ ఏర్పాట్లకి పెట్టింది కొన్న ధర కింద రాదని 2022లోనే కేంద్రం లోక్‌సభలో చెప్పేసింది. 2022 జూలై 1 నుంచి అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ కూడా కోస్తున్నారు. లెక్క వేసుకునేవాళ్లు ఇది కూడా కలుపుకోండి.

లెక్కల మాస్టారు:
చూశారా, నేను ముందే అన్నాను.

బెజవాడ ఈసీఈ:
నాది లాభం కోసం కాదు మాస్టారూ, ఎస్9 రోజుకి 30 యూనిట్లు దాటి తాగుతుంది, హాస్టల్ వార్డెన్ చంపేస్తాడు. ఐదు నిమిషాలు నడిపి ఆపేస్తా.

అన్నా, దొరికింది! 41 బయట రీసెట్ 1.8 ఉంది, 42 లోపల సున్నా. మధ్యలో ఆ దారిలో ఉండే చిన్న రెసిస్టర్ ఒకవైపు లేచి ఉంది, కంటికి కనపడలేదు, ఫోన్ కెమెరా జూమ్ చేస్తే దాని కింద సన్నటి నీడ కనిపించింది. పక్కనే హీట్‌సింక్ అంచు గీసుకున్న గుర్తు ఉంది, ఎవరో హీట్‌సింక్ లాగినప్పుడు తగిలినట్టుంది. ఫ్లక్స్ వేసి సన్న బిట్‌తో టచ్ చేశా. 63 వచ్చాయి, ప్యాటర్న్‌లో అన్నీ చిన్న ఓ అక్షరాలే (బాగున్న చిప్‌లు), ఒక్క ఎక్స్ (చెడ్డ చిప్) కూడా లేదు.

హ్యూస్టన్ రిగ్:
సూపర్ తమ్ముడూ. ఆ హీట్‌సింక్ మాత్రం ఇక లాగకు, ఎస్9లో అవి థర్మల్ జిగురుతో అతికించినవి, చల్లగా ఉన్నప్పుడు లాగితే చిప్ పైపొర కూడా ఊడొస్తుంది. తీయాల్సి వస్తే వేడి చేసి పక్కకి తిప్పుతూ తీయాలి.

సాగరతీరం:
కోఠి అన్నా, నా దగ్గరికి అల్యూమినియం పునాది ఉన్న బోర్డు ఒకటి వచ్చింది, కొత్త తరానిది. పై నుంచి ఎంత వేడి పెట్టినా టంకం కదలట్లేదు.

కోఠి చిప్‌లెవెల్:
పైగన్‌తో దాని జోలికి పోకు. ఆ ప్లేట్ వేడంతా లాగేస్తుంది. కింద నుంచి హీటింగ్ ప్లేట్ మీద బోర్డు మొత్తాన్ని టంకం కరిగేదాకా తీసుకెళ్లి, చిప్ ఎత్తి, అదే వేడి మీద కొత్తది పెట్టాలి. బోర్డు మొత్తం కరిగి ఉంటుంది కాబట్టి ప్లేట్ కదలకూడదు, పక్క చిప్‌లు జరుగుతాయి. ఫొటోలు పెట్టి వేరే త్రెడ్ తెరువు, అక్కడ మాట్లాడుకుందాం. పవర్ ఇవ్వకుండా డొమైన్ల అంకెలు ముందు రాసుకుని రా.